భూమి పక్క నుంచి పోయే రాయిని మన డాబా మీంచి ఫొటో తీయడం

2025 ఫిబ్రవరిలో మా వీధిలో ఇద్దరు కలిస్తే ఆకాశంలోంచి పడబోయే రాయి మాటే. 2024 వైఆర్4 అనే గ్రహశకలం 2032 డిసెంబర్ 22న భూమిని ఢీకొట్టే అవకాశం ఒక శాతం దాటిందని జనవరి చివర్లో వార్త వచ్చింది. ఫిబ్రవరి 18 నాటికి అది 3.1 శాతం అయింది. వారం తిరిగేసరికి దాదాపు సున్నా అన్నారు. మా ఎదురింటి మామ్మ నన్ను మెట్ల దగ్గర ఆపి అడిగింది: “ఏటి బాబూ, మొన్న మూడన్నారు, ఇయ్యాల ఏటీ నేదంతన్నారు. మనకి సెప్పకుండా దాస్తన్నారేటి?”

ఆవిడ సందేహంలో తప్పేమీ లేదు. ముప్పు మెల్లగా తగ్గుతూ పోతే ఎవరికైనా నమ్మకం కుదురుతుంది. పెరిగి పెరిగి ఉన్నట్టుండి మాయమైతే అనుమానమే వస్తుంది. ఆ రోజు హడావిడిలో ఏదో చెప్పి వచ్చేశాను. దీని అసలు జవాబు గ్రహశకలాల ఫొటోల్లో ఉంది. అలాంటి ఫొటో శ్రీకాకుళంలో డాబా మీంచి కూడా తీయొచ్చు.

తుపాన్లు చూసినవాళ్లకి ఈ విషయం చెప్పడం తేలిక. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిన మొదటి రోజు విశాఖకీ గోపాల్‌పూర్‌కీ మధ్య ఎక్కడో తీరం దాటవచ్చంటారు. అంత పొడవైన తీరంలో, మా జిల్లా తీరంలోని బారువ వంతుకి వచ్చే ముప్పు కొద్దిగానే. మర్నాడు కళింగపట్నానికీ గోపాల్‌పూర్‌కీ మధ్య అంటారు. అనుమానం ఉన్న తీరం కుదించుకుపోయింది, బారువ ఇంకా అందులోనే ఉంది, అందుకని బారువ వంతు పెరిగింది. మూడో రోజు ఇచ్ఛాపురం అవతలే దాటుతుందని తేలితే బారువకి ముప్పు ఒక్కసారిగా పోతుంది. ఎవరూ ఏదీ దాచలేదు. కొలతలు మెరుగయ్యాయి, అంతే. వైఆర్4 విషయంలో బారువ ఉన్న చోట భూమిని పెట్టుకుంటే మామ్మ ప్రశ్నకి జవాబు దొరికినట్టే.

గ్రహశకలాల విషయంలో ఆ అనుమానపు మేరని కుదించేవి ఫొటోలే. ఒక్కో ఫొటో చెప్పేది రెండే ముక్కలు: ఫలానా క్షణంలో, నక్షత్రాల మధ్య ఫలానా చోట ఒక చుక్క ఉంది. ఇలాంటివి పదులు, వందలు పోగైతే కక్ష్య తేలుతుంది. శని వలయాల ఫొటోలాగా ఇంటికొచ్చినవాళ్లకి చూపించుకోవడానికి ఇందులో ఏమీ ఉండదు. ఎంత పెద్ద టెలిస్కోపుకైనా ఈ రాళ్లు దాదాపు ఎప్పుడూ చుక్కలుగానే కనపడతాయి. కానీ ఆ చుక్క పక్కన సరైన టైము రాసి ఉంటే, అది ఒక రాయి రేపెక్కడుంటుందో చెప్పే లెక్కలోకి వెళ్తుంది. నేను రాత్రిళ్లు డాబా ఎక్కేది ఆ టైము కోసమే.

దగ్గర అంటే ఎంత దగ్గర

సూర్యుడికి 1.3 ఖగోళ ప్రమాణాల లోపలికి వచ్చే గ్రహశకలాన్ని భూ సమీప గ్రహశకలం అంటారు. ఖగోళ ప్రమాణమంటే భూమికీ సూర్యుడికీ మధ్య సగటు దూరం, సుమారు 15 కోట్ల కి.మీ. వీటిలో మొదటిదైన ఈరోస్ 1898లో దొరికింది. 2025 చివరికి లెక్క 40 వేలకు చేరింది. వాటిలో కొన్నిటిని ‘ప్రమాదకరం కాగలవి’ అని విడిగా రాసుకుంటారు. దానికి కక్ష్య భూమి కక్ష్యకి సుమారు 75 లక్షల కి.మీ. లోపలికి రావాలి, పరిమాణం దాదాపు 140 మీటర్లకి పైబడాలి. టీవీలో ‘భూమికి అతి సమీపంగా’ అని వచ్చినప్పుడు ఆ 75 లక్షలు గుర్తుంచుకోండి. చందమామ దూరం 3 లక్షల 84 వేల కి.మీ. అంటే ఆ ‘అతి సమీపం’ చందమామకి దాదాపు ఇరవై రెట్ల దూరం కావచ్చు.

ఇక వెలుగు. నక్షత్రాల వెలుగుని మాగ్నిట్యూడ్ మెట్లలో చెబుతారు. అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది, ఐదు మెట్లు దిగితే నూరో వంతు. మామూలు కంటికి ఆరో మెట్టు ఆఖరు. ఈ లెక్కని 1856లో ఖాయం చేసిన నార్మన్ పోగ్సన్ తర్వాత మద్రాసు అబ్జర్వేటరీకి వచ్చాడు. 1861 ఏప్రిల్ 17న అక్కడ ఒక గ్రహశకలాన్ని కనిపెట్టి దానికి ‘ఆసియా’ అని పేరు పెట్టాడు. అప్పుడు మన ప్రాంతం కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే.

140 మీటర్ల రాయి 75 లక్షల కి.మీ. దూరంలో, సూర్యుడి వెలుగు మనవైపు బాగా పడుతున్నప్పుడు, సుమారు 16వ మెట్టులో ఉంటుంది. అదే రాయి చందమామ దూరానికి వస్తే 9వ మెట్టు, మంచి బైనాక్యులర్స్‌కి చిక్కుతుంది. పది మీటర్ల రాయి చందమామ దూరంలో 15వ మెట్టు దగ్గర ఉంటుంది. ఆరంగుళాల అద్దం ఉన్న నా టెలిస్కోపుకి, కెమెరా తగిలించి చాలా ఫొటోలు కలిపితే, చందమామ లేని రాత్రి 16 దాకా అందుతుంది. వైఆర్4 వార్తల్లోకి వచ్చేసరికే నాకు అందే వెలుగుకి వందల రెట్లు మసకబారిపోయింది. దాన్ని పెద్ద టెలిస్కోపులే వెంటాడాయి. చిన్న టెలిస్కోపుకి దొరికేవి బాగా దగ్గరికొచ్చినవి. దగ్గరికొచ్చినవి వేగంగా కదులుతాయి. మొత్తం కష్టమంతా అక్కడే ఉంది.

షట్టర్ ఎక్కువసేపు తెరిస్తే లాభం లేదు

సెకనుకి 10 కి.మీ. వేగంతో చందమామ దూరంలో అడ్డంగా పోతున్న రాయిని తీసుకోండి. ఆకాశం మీద అది సెకనుకి ఐదు ఆర్క్ సెకన్ల పైచిలుకు కదులుతుంది. ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు కోణం. పున్నమి చందమామ అడ్డకొలత సుమారు 1,800 ఆర్క్ సెకన్లు, కాబట్టి ఆ రాయి చందమామ అంత మేరని ఆరు నిమిషాల లోపే దాటేస్తుంది. దూరం పదింతలైతే వేగం పదో వంతు, నిమిషానికి 32 ఆర్క్ సెకన్లు. అంగారకుడికీ గురుడికీ మధ్య తిరిగే మామూలు గ్రహశకలాలు నిమిషానికి సుమారు అర ఆర్క్ సెకనే జరుగుతాయి.

ఇప్పుడు కెమెరా వైపు చూద్దాం. పిక్సెల్ పరిమాణం మైక్రాన్లలో తీసుకుని 206 తో గుణించి, ఫోకల్ దూరం మిల్లీమీటర్లతో భాగిస్తే, ఒక పిక్సెల్‌కి ఎన్ని ఆర్క్ సెకన్ల ఆకాశం పడుతుందో వస్తుంది. నా పాత డీఎస్‌ఎల్‌ఆర్ పిక్సెల్ 4.3 మైక్రాన్లు, టెలిస్కోపు ఫోకల్ దూరం 750 మి.మీ. కాబట్టి పిక్సెల్‌కి దాదాపు 1.2. గాలి కదలిక వల్ల మా డాబా మీద నక్షత్రం చుక్క మూడు ఆర్క్ సెకన్ల వెడల్పున పరుచుకుంటుంది. నిమిషానికి 32 చొప్పున కదిలే రాయి ఆ మూడు ఆర్క్ సెకన్లు దాటడానికి ఆరు సెకన్లు కూడా పట్టదు.

మొదట్లో నేను తప్పు చేసింది ఇక్కడే. మసకగా ఉంది కదా అని రెండు నిమిషాల ఎక్స్‌పోజర్ ఇచ్చేవాణ్ణి. ఆకాశంలో కదలకుండా ఉండే నెబ్యులాకైతే, అంటే వాయుమేఘానికైతే, అదే పద్ధతి. కదిలే రాయికి అది పనికిరాదు. ఆరు సెకన్ల తర్వాత రాయి వెలుగు కొత్త పిక్సెళ్ల మీద పడుతుంది. పాత పిక్సెళ్లలో మాత్రం వీధి దీపాల వెలుతురు పోగవుతూనే ఉంటుంది. ఎంతసేపు తెరిచి ఉంచితే రాయి అంతగా ఆ వెలుతురులో కలిసిపోతుంది. చివరికి మిగిలేది ఒక పల్చటి గీత, దాని మధ్య బిందువు ఎక్కడో తేల్చడం కష్టం.

అందుకని ఐదు సెకన్ల ఫొటోలు వంద తీయాలి. వాటిని కంప్యూటర్‌లో రెండు రకాలుగా కలపాలి. ఒకసారి నక్షత్రాలు కదలకుండా ఉండేటట్టు కలుపుతాం. అందులో నక్షత్రాలు చుక్కలుగా ఉంటాయి, రాయి చెదిరిపోయి కనపడదు. రెండోసారి రాయి ఎటు ఎంత వేగంతో పోతోందో లెక్క కట్టి, ఒక్కో ఫొటోని ఆ మేరకు జరిపి కలుపుతాం. ఇప్పుడు నక్షత్రాలు గీతలవుతాయి, రాయి చుక్కగా పైకి తేలుతుంది. వంద కలిపితే రాయి వెలుగు వంద రెట్లవుతుంది, ఫొటోలో అడ్డదిడ్డంగా పడే మచ్చల రొద పది రెట్లే పెరుగుతుంది. నికరంగా పది రెట్ల లాభం, అంటే రెండున్నర మాగ్నిట్యూడ్లు. ఒక్క ఫొటోలో పదమూడున్నర దాకా అందే టెలిస్కోపుకి 16 ఇలా అందుతుంది. ఆస్ట్రోమెట్రికా అనే సాఫ్ట్‌వేర్ ఈ పని ఎన్నో ఏళ్లుగా చేస్తోంది. రాయి ఎటు పోతోందో ముందే తెలియకపోతే, టైకో ట్రాకర్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ వేల రకాల వేగాలూ దిక్కులూ ప్రయత్నించి, ఎక్కడ చుక్క తేలిందో చూపిస్తుంది.

చిన్న ఎక్స్‌పోజర్ల వల్ల మనకి ఇంకో మేలు ఉంది. శ్రీకాకుళం అక్షాంశం 18 డిగ్రీలు, కాబట్టి ధ్రువతార కూడా దిగంతానికి 18 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. మా ఇంటి ఉత్తరాన ఆ ఎత్తులో కొబ్బరిచెట్లున్నాయి. ధ్రువతారని చూసి మౌంట్‌ని, అంటే టెలిస్కోపుని మోస్తూ నక్షత్రాల వెంట తిప్పే స్టాండుని, సరిగ్గా అమర్చుకోవడం నాకు చాలాసార్లు కుదరదు. ఐదు సెకన్లకి ఆ లోపం బయటపడదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఈ మధ్య వస్తున్న స్మార్ట్ టెలిస్కోపులతో కూడా ఇది చేయొచ్చు. సీస్టార్ ఎస్50కి 50 మి.మీ. లెన్సు, 250 మి.మీ. ఫోకల్ దూరం ఉన్నాయి, పిక్సెల్‌కి 2.4 ఆర్క్ సెకన్లు వస్తుంది. పది సెకన్ల ఫొటోల్లో పైన చెప్పిన రాయి రెండు పిక్సెళ్లు జరుగుతుంది, ఫరవాలేదు. ఈ టెలిస్కోపు ఫొటోలన్నిటినీ నక్షత్రాల లెక్కన దానంతటదే కలిపేసుకుంటుంది కాబట్టి, విడి ఫొటోలు దాచమని సెట్టింగ్‌లో చెప్పడం మరచిపోకూడదు.

ఎక్కడి నుంచి, ఏ సెకనులో

ఒకసారి చందమామకి కాస్త ఇవతలగా పోతున్న రాయి కోసం రాత్రంతా కూర్చున్నాను. దొరకలేదు. మర్నాడు చూసుకుంటే, ఏ రాయి ఎప్పుడు ఎక్కడ కనపడుతుందో లెక్క కట్టి ఇచ్చే నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీ వాళ్ల హొరైజన్స్‌లో నేను తీసుకున్న స్థానాలు భూమి కేంద్రం నుంచి చూస్తే కనపడేవి. భూమి కేంద్రం నాకు 6,370 కి.మీ. కింద ఉంది. చందమామ దూరంలో ఉన్న వస్తువుకి ఆ తేడా ఆకాశంలో దాదాపు ఒక డిగ్రీ దాకా వస్తుంది. రాయి నా ఫొటో అంచు అవతలి నుంచి వెళ్లిపోయింది. అప్పటి నుంచి మా డాబా అక్షాంశ రేఖాంశాలు, సముద్ర మట్టం నుంచి ఎత్తు ఇచ్చాకే లెక్క తీస్తున్నాను.

నన్ను ఆ రాత్రి ముంచిన తేడాయే నిజానికి ఈ పనిలో అన్నిటికంటే గొప్ప సాధనం. శ్రీకాకుళం నుంచి విజయనగరానికి గీత గీసినట్టు కొలిస్తే సుమారు 56 కి.మీ. రెండు ఊళ్లలో ఇద్దరు ఒకే సెకనులో, చందమామ దూరంలో ఉన్న రాయిని ఫొటో తీశారనుకోండి. వెనక నక్షత్రాలు రెండు ఫొటోల్లోనూ ఒక్కటే. రాయి మాత్రం 30 ఆర్క్ సెకన్ల దాకా పక్కకి జరిగి ఉంటుంది. నా కెమెరాలో అది పాతిక పిక్సెళ్లు. ముఖం ముందు వేలు పెట్టుకుని ఒక్కో కన్నూ మూసి చూసినప్పుడు వేలు జరిగినట్టు కనపడుతుంది కదా, ఇక్కడ ఒక కన్ను నాగావళి ఒడ్డున, రెండోది గంటస్తంభం దగ్గర. జరిగిన కోణం, 56 కి.మీ. తెలిస్తే చాలు, పదో తరగతి త్రికోణమితితో రాయి దూరం వచ్చేస్తుంది. రాడార్ అక్కర్లేదు.

మన వైపు ఈ కిటుకు కొత్త కాదు. విశాఖ డాబాగార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు 1840లోనే సొంత ఇంట్లో అబ్జర్వేటరీ పెట్టారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబర్ 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని అక్కణ్ణుంచి గమనించారు. ప్రపంచమంతటా ఆ రోజు అదే పని చేశారు. వేర్వేరు చోట్ల నుంచి పట్టిన వేళల తేడా నుంచి సూర్యుడి దూరం రాబట్టడం వాళ్ల ఉద్దేశం. చోటు, వేళ. అప్పుడూ కావలసినవి ఆ రెండే.

వేళ అంటే ఎంత కచ్చితంగా? సెకనుకి ఐదు ఆర్క్ సెకన్లు పోయే రాయికి, గడియారం ఒక్క సెకను తప్పితే స్థానం ఐదు ఆర్క్ సెకన్లు తప్పినట్టే. ఈ రోజుల్లో నక్షత్రాల స్థానాలకి ఐరోపా వాళ్ల గయా ఉపగ్రహం జాబితా ఉంది, 180 కోట్ల నక్షత్రాలతో. దాన్ని ఆధారం చేసుకుని చుక్క స్థానాన్ని అర ఆర్క్ సెకను లోపు చెప్పడం ఆరంగుళాల టెలిస్కోపుకీ సాధ్యమే. ఆ శ్రమంతా లాప్‌టాప్ గడియారం పాడుచేయగలదు. ఇంటర్నెట్ లేని చోట నాలుగు రోజులుంటే నా లాప్‌టాప్ రెండు మూడు సెకన్లు వెనకబడిన సందర్భాలున్నాయి. యూఎస్‌బీకి తగిలించే జీపీఎస్ రిసీవర్ కొన్నాక ఆ టెన్షన్ తీరింది. టెలిస్కోపు కోసం దాచుకున్న డబ్బులో కొంత దీనికి పక్కన పెట్టండి. అద్దం ఒక అంగుళం తగ్గినా నష్టం లేదు, గడియారం తప్పితే ఫొటో వృథా.

ఇంకో జాగ్రత్త ఏమిటంటే సెన్సర్‌లో చెడిపోయిన పిక్సెల్ కూడా, ఫొటోలు జరిపి కలిపినప్పుడు, కదిలే వస్తువులాగే నటిస్తుంది. మధ్యమధ్యలో టెలిస్కోపుని కాస్త అటూ ఇటూ జరుపుతూ తీస్తే ఆ దొంగ చుక్కలు చెదిరిపోతాయి.

అరిజోనాలో తెల్లారితే మనకి పొద్దుగూకుతుంది

పెద్ద టెలిస్కోపులతో ఆకాశమంతా గాలించే సర్వేలుండగా డాబా మీది టెలిస్కోపు ఎవరికి కావాలని అడుగుతారు. చిలీలో వీరా రూబిన్ అబ్జర్వేటరీ 2025 జూన్‌లో మొదటి ఫొటోలు విడుదల చేసినప్పుడు, పది గంటల పరిశీలనలోనే 2,104 కొత్త గ్రహశకలాలు దొరికాయి. కొత్తవి కనిపెట్టడంలో వాటితో మనం పోటీ పడలేం, పడాలని అనుకోవడం కూడా అనవసరం. కానీ కనిపెట్టాక వెంటనే వెంటాడాలి. వేగంగా పోయే చిన్న రాయి నాలుగు ఫొటోల్లో దొరికి, ఆ పైన ఒకటి రెండు రోజులు ఎవరూ చూడకపోతే, అనుమానపు మేర పెరిగి ఎక్కడుందో తెలియకుండా పోతుంది.

ఇక్కడే మన రేఖాంశం పనికొస్తుంది. కాటలినా స్కై సర్వే ఉన్నది అమెరికాలోని అరిజోనాలో, పాన్-స్టార్స్ హవాయిలో. అరిజోనాలో ఉదయం ఆరయితే మనకి సాయంత్రం ఆరున్నర. హవాయిలో ఉదయం ఆరయితే మనకి రాత్రి తొమ్మిదిన్నర. వాళ్లు తెల్లారి టెలిస్కోపులు మూసే వేళకి మన చుక్కలు పొడుస్తాయి. 2008 అక్టోబర్ 6న అరిజోనాలో దొరికిన 2008 టీసీ3 అనే నాలుగు మీటర్ల రాయి 19 గంటల తర్వాత సూడాన్ మీద గాలిలో పేలిపోయింది. భూమిని తాకకముందే కనిపెట్టిన మొదటి రాయి అదే. ఆ 19 గంటల్లో వృత్తి శాస్త్రవేత్తలూ ఔత్సాహికులూ పంపిన వందల కొలతల వల్లనే అది పడే చోటు ముందుగా తెలిసింది. ఎడారిలో వెతికితే ముక్కలు కూడా దొరికాయి.

మన దేశంలో లద్దాఖ్‌లోని హాన్లేలో 70 సెం.మీ. గ్రోత్-ఇండియా టెలిస్కోపు ఉంది. అంతకుముందు, 1988 ఫిబ్రవరి 17న తమిళనాడులోని కావలూరు నుంచి ఒక గ్రహశకలం దొరికితే దానికి రామానుజన్ పేరు పెట్టారు. పోగ్సన్ తర్వాత మన గడ్డ మీంచి మరొకటి దొరకడానికి నూరేళ్లు పైనే పట్టింది.

కొలతలు పంపాల్సింది అమెరికాలోని మైనర్ ప్లానెట్ సెంటర్‌కి. ముందు బాగా తెలిసిన గ్రహశకలాలు కొన్నిటిని కనీసం రెండు రాత్రులు కొలిచి పంపితే, సరిగ్గా ఉన్నాయని చూసి మీ చోటుకి మూడక్షరాల కోడ్ ఇస్తారు. మొదట వెస్టా లాంటి పెద్దదాన్ని గంట తేడాతో రెండు ఫొటోలు తీసి, ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి చూడండి. వేల చుక్కల్లో ఒక్కటి జరుగుతుంది. ఆ జరగడాన్ని సొంత కళ్లతో చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. టెలిస్కోపు లేని విద్యార్థులకి వేరే దారి ఉంది. ఇంటర్నేషనల్ ఆస్టరాయిడ్ సెర్చ్ కొలాబొరేషన్ వాళ్లు పెద్ద సర్వేల ఫొటోలు ఉచితంగా పంపి, వెతికే పని అప్పగిస్తారు. మన జిల్లాల్లో ఇంకా ఎన్నో బడుల పిల్లలు ఇందులో చేరాలని నా కోరిక.

మన ఆకాశం గురించి కూడా చెప్పాలి. జూన్ నుంచి అక్టోబర్ దాకా మబ్బులు, ఆ పైన నవంబర్ దాకా తుపాన్ల భయం. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి వరకు బాగుంటుంది కానీ మంచు అద్దాల మీద కూర్చుంటుంది. గొట్టం చివర పాత యోగా మ్యాట్ చుట్టి అద్దానికి ఒక అడుగు ముందుకి పొడిగిస్తే చాలావరకు ఆగుతుంది. సముద్రం దగ్గర ఉప్పుగాలికి స్క్రూలు తుప్పు పడతాయి, అద్దం పూత పాడవుతుంది. కళింగపట్నం వైపు ఆకాశం ఎంత నల్లగా ఉన్నా నేను టెలిస్కోపుతో సముద్రానికి కాస్త ఇవతలున్న శాలిహుండం దగ్గరే ఆగిపోతాను.

ఈ వాతావరణం రాబోయే అతిథుల విషయంలో మనల్ని పరీక్షిస్తుంది. 2027 ఆగస్టు 7న 1999 ఏఎన్10 అనే పెద్ద రాయి 3 లక్షల 89 వేల కి.మీ. దూరంలోంచి పోతుంది. 2028 జూన్ 26న 2001 డబ్ల్యూఎన్5 ఇంకా దగ్గరగా, చందమామకి ఇవతలి నుంచే పోతుంది. రెంటికీ బైనాక్యులర్స్ చాలు, రెండూ మన వానాకాలంలోనే వస్తున్నాయి. మబ్బుల్లో ఒక్క సందు దొరికినా ఐదు సెకన్ల ఫొటోలు ఇరవై తీయొచ్చని నా ఆశ.

మూడోది అపోఫిస్. దాని గురించి కూడా ఒకప్పుడు భయపడ్డారు. 2021లో రాడార్ కొలతలు వచ్చాక కనీసం నూరేళ్ల దాకా ముప్పు లేదని తేల్చారు. 2029 ఏప్రిల్ 13, శుక్రవారం రాత్రి, అది భూమికి సుమారు 32 వేల కి.మీ. ఎత్తు నుంచి పోతుంది. మన టీవీ ఉపగ్రహాలు తిరిగే ఎత్తు కంటే తక్కువ. అత్యంత దగ్గరికి వచ్చే క్షణం మన లెక్కలో తెల్లవారుజామున మూడుంబావు ప్రాంతం. అంతకు నాలుగు గంటల ముందు, రాత్రి పదకొండు దాటాక, అది సుమారు లక్ష కి.మీ. దూరంలో ఉంటుంది. ఆ దూరంలో శ్రీకాకుళానికీ విజయనగరానికీ మధ్య తేడా 115 ఆర్క్ సెకన్ల దాకా రావచ్చు. దానికి టెలిస్కోపు కూడా అక్కర్లేదు, 200 మి.మీ. లెన్సున్న మామూలు కెమెరాలో అది పాతిక పిక్సెళ్లు. నేను ఇక్కడ డాబా మీద ఉంటాను. విజయనగరంలో ఉన్న మిత్రుడితో ఇప్పటికే మాట్లాడాను. జీపీఎస్ టైము చూసుకుని ఇద్దరం ప్రతి నిమిషం సున్నా సెకను దగ్గర షట్టర్ నొక్కాలని ఒప్పందం. ఆ రాత్రికి మామ్మని కూడా డాబా ఎక్కి రమ్మన్నాను.